తల విరిగి అతికించిన గిటారు, 9,500 రూపాయలు. తీసుకోవచ్చా?

నాపరాయి (తాడిపత్రి), ఆదివారం రాత్రి

అందరికీ నమస్కారం. నాకు 43 ఏళ్లు. తాడిపత్రిలో నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. అనంతపురంలో డిగ్రీ చదివే రోజుల్లో హాస్టల్లో పక్క మంచం వాడి గిటారు మీద నాలుగు కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) నేర్చుకున్నాను. జీ, సీ, డీ, ఈ మైనర్. ఎఫ్ దగ్గర ఆగిపోయాను. చూపుడు వేలితో ఆరు తీగలనూ ఒకేసారి అదమడం నా వల్ల కాలేదు. ఆ తర్వాత వాడు మెస్ బిల్లు కట్టడానికి గిటారు అమ్మేశాడు, నా చదువు అక్కడితో ఆగిపోయింది. సంగీతం చదువు అని నా ఉద్దేశం, డిగ్రీ పాసయ్యాను.

ఇన్నేళ్లకు మళ్లీ పట్టుకోవాలనిపిస్తోంది. మా అమ్మాయి ఎనిమిదో తరగతి, తనకూ నేర్చుకోవాలని ఉంది. ఇంట్లో చెప్పుకోవడానికి అదొక సాకు.

నిన్న పని మీద అనంతపురం వెళ్లి, బస్సుకు టైముందని ఒక వాయిద్యాల దుకాణంలోకి తొంగి చూశాను. గోడకు ఒక అకౌస్టిక్ గిటారు వేలాడుతోంది. చీటీ మీద 18,500 కొట్టేసి 9,500 అని రాశారు. ఎందుకింత తగ్గింపు అని అడిగితే దుకాణదారుడు దాచలేదు. రవాణాలో పెట్టె కింద పడి తల విరిగిందట. అంటే తీగలు బిగించే మరలు ఉండే భాగం, మెడతో కలిసే చోట. బెంగళూరు పంపించి అతికించి తెప్పించారట. వెనక్కి తిప్పి చూపించాడు. ఎర్రటి పాలిష్ కింద వెంట్రుకంత గీత ఏటవాలుగా కనిపించింది. చూపించకపోతే నేను గమనించేవాణ్ని కాదు.

నా భయం కూడా అదే. అతుకు రాయిని మేమూ అమ్ముతాం. మూల విరిగిన పలకకు రెసిన్ పూసి, రాతిపొడి చల్లి, రుద్ది పాలిష్ పడితే దగ్గరగా చూసినా కనిపించదు. కనిపించదని నాకు తెలుసు కాబట్టే నమ్మకం కుదరడం లేదు. మా పనిలో రాయిని వేలి కణుపుతో తట్టి చూస్తాం. మంచి రాయి ఖంగుమంటుంది, లోపల పగులుంటే డొల్లగా పలుకుతుంది. అలవాటు కొద్దీ గిటారును కూడా తట్టాను. అది ఎక్కడ తట్టినా డొల్లగానే పలికింది. దుకాణంలో కుర్రాడు నన్నొక చూపు చూశాడు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ ఒకే మాట అంది: "అతుకు రాయి అయితే మంచం కింద పడే చోట వేయిస్తారు. అతుకు గిటారును ఎక్కడ వేయిస్తావు?"

పై చెక్క ప్లై కాదు, ఒకే పలక స్ప్రూస్ అని దుకాణదారుడి మాట. గొంతు మాత్రం నాకు బాగుంది. హాస్టల్ గిటారు దీని ముందు డబ్బా. ఇంత తగ్గింపుకు తీసుకోవచ్చా, లేక ఏడాదిలో మళ్లీ విరిగి చేతికొస్తుందా? వాయించేవాళ్లు, రిపేరు తెలిసినవాళ్లు చెప్పండి. దుకాణం పేరు, కంపెనీ పేరు రాయను. బేరం ఇంకా తేలలేదు.


మూడో వరుస ఆల్టో (కడప), ఆదివారం రాత్రి

అన్నగారూ, నేను చర్చి కోయిర్‌లో పన్నెండేళ్లుగా వాయిస్తున్నాను. మా దగ్గరున్న నాలుగు గిటార్లలో ఒకదానికి తల అతుకే. ఆరేళ్లయింది, ప్రతి ఆదివారం రెండు ఆరాధనలు, క్రిస్మస్ నెలలో రోజూ. దానికేమీ కాలేదు. కొత్తగా కొన్నది మాత్రం మధ్యలో పాడైంది. ఆ పాపం నాదే. మే నెలలో ప్రొద్దుటూరు పెళ్లికి వెళ్లి, భోజనాలు అయ్యేవరకు గిటారును కారులో ఉంచాను. ఎండలో అద్దాలు ఎత్తిన కారు లోపల 60 డిగ్రీలు దాటుతుంది. తిరిగొచ్చి తీసేసరికి తీగలు కట్టే బ్రిడ్జి వెనక అంచు లేచి నిలబడింది. కింద వేలిగోరు పట్టేంత సందు. జిగురు వేడికి మెత్తబడిందన్నమాట.

కాబట్టి అతుకు అనగానే బెదిరిపోకండి. నేనైతే ఒక్కటే చూస్తాను. దుకాణంలో శ్రుతి చేయించండి, పూర్తి శ్రుతి, తగ్గించి కాదు. ఫోనులో ట్యూనర్ పెట్టుకుని ఒక్కో తీగా సరిచేయించి, బజారుకు వెళ్లి టిఫిన్ చేసి రండి. గంట తర్వాత మళ్లీ చూడండి. తీగలు కొత్తవైతే కొంత సాగుతాయి, అది మామూలే. కానీ ఆరు తీగలూ కలిసి కిందికి దిగి, మళ్లీ ఎక్కించినా మళ్లీ దిగుతుంటే ఎక్కడో ఏదో కదులుతోంది. అప్పుడు దండం పెట్టి వచ్చేయండి.

ఎఫ్ గురించి బెంగ వద్దు. అది చాలావరకు తీగల ఎత్తు వల్ల వచ్చే కష్టం. మీ హాస్టల్ గిటారు తీగలు బట్టలారేసే తాడంత ఎత్తులో ఉండి ఉంటాయి.


డీ మైనర్ (అనంతపురం), సోమవారం ఉదయం

నేనైతే వద్దంటాను. కాస్త అటూ ఇటూగా అదే డబ్బుకు కొత్త యమహా ఎఫ్ 310 వస్తుంది. పై చెక్క ప్లైయే, నిజమే. కానీ మన ఊరి ఎండకు ప్లైయే మేలు. అనంతపురంలో ఏడాది మొత్తం కలిపి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర. ఏప్రిల్ వచ్చేసరికి గాలి మరమరాలు వేగేంత పొడిగా ఉంటుంది. ఒకే పలక చెక్క తేమ పోగొట్టుకుని బిగుసుకుంటుంది, చివరికి చీలుతుంది. మా అన్న గిటారుకు బ్రిడ్జి కింద నుంచి అడుగు దాకా గీత పడింది. పైగా తల అతుకు గిటారును రేపు అమ్మాలంటే సగం ధర కూడా రాదు. నేర్చుకునే పిల్లకు తలనొప్పి లేని వస్తువు కొనివ్వండి సార్.


రంపం పొట్టు (కర్నూలు), సోమవారం రాత్రి

అన్నా, నేను వడ్రంగిని. తలుపులు, మంచాలు చేస్తాను. ఒకసారి చర్చివాళ్లు తెచ్చి ఇస్తే గిటారు పని మొదలుపెట్టాను, ఇప్పటికి పదకొండు తలలు అతికించాను. తొమ్మిది నిలబడ్డాయి, రెండు మళ్లీ విరిగాయి. ఆ రెండూ ఎందుకు విరిగాయో చెబితే మీకు కావలసింది దొరుకుతుంది.

మొదటిది నేను తొందరపడి ఒప్పుకున్నది. విరిగిన చోట అప్పటికే ఎవరో క్షణంలో అంటుకునే జిగురు పోసేశారు. పాత జిగురు చెక్క రంధ్రాల్లో గాజులా గడ్డకట్టింది. దాని మీద నేనెంత మంచి జిగురు రాసినా అది చెక్కలోకి ఇంకదు, జిగురును జిగురు పట్టదు. గీకి తీద్దామంటే చెక్క పోతుంది, అప్పుడు రెండు ముక్కలూ ఒకదానికొకటి సరిపోవు. మూడు నెలలకు ఊడింది.

రెండోది సుద్దముక్క విరిగినట్టు అడ్డంగా టక్కుమని విరిగినది. చెక్కలో నార పొడవునా ఉంటుంది. నార వెంబడి చీలితే, చెరకు గడను కొడవలితో ఏటవాలుగా నరికినట్టు, పొడవైన ముఖాలు రెండు వస్తాయి. ఆ ముఖాల నిండా జిగురు రాసి, బిగించి, ఒక రోజు కదపకుండా ఉంచితే ఆ అతుకు పక్కనున్న చెక్క కంటే గట్టిగా ఉంటుంది. పొగరుతో చెప్పడం లేదు, పాత కుర్చీ కాలు అతికించిన ఎవరినైనా అడగండి, మళ్లీ విరిగితే అతుకు పక్కన విరుగుతుంది. అడ్డంగా తెగినదానికి మాత్రం నార కొసలు తప్ప జిగురుకు పట్టు దొరకదు. అటువంటిదానికి వెనక నుంచి గాడి తీసి కొత్త చెక్క పట్టీలు దించాలి. నేను దించలేదు, అందుకే పోయింది.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఆరు ఉక్కు తీగలు శ్రుతిలో ఉన్నప్పుడు అన్నీ కలిపి 70 కిలోల దాకా లాగుతాయి. ఒక మనిషి రాత్రింబగళ్లు ఆ తల పట్టుకుని వేలాడుతున్నట్టే. అందులోనూ తల వెనక్కి వాలి ఉండే గిటార్లకు ఆ మలుపు దగ్గర నార పొట్టిగా తెగి ఉంటుంది. మెడ లోపలి ఇనుప కడ్డీ, ట్రస్ రాడ్ అంటారే, దాన్ని తిప్పే గుంట కూడా తల దగ్గరే ఉంటే అక్కడ చెక్క ఇంకా పలుచన. గుంట సౌండ్ హోల్ వైపు, అంటే పొట్ట మీది గుండ్రటి రంధ్రం వైపు ఉంటే కొంత నయం.

మీరు ఏటవాలు గీత అన్నారు, అది మంచి కబురు. ఎంత పొడవుందో కొలవండి. గోరుతో అడ్డంగా గీయండి, మెట్టు తగలకూడదు. అద్దె ఇల్లు చూసినట్టు చూడకండి, ఫోను లైటు పక్క నుంచి వేసి చూడండి. మీ దగ్గర స్టీలు స్కేలు ఉంటుంది కదా, దాన్ని ఫ్రెట్ల మీద, అంటే మెడ మీది అడ్డ లోహపు పట్టీల మీద, నిలువునా పెట్టి బ్రిడ్జి వైపు జరపండి. కొస బ్రిడ్జి పై అంచు మీదికి రావాలి. బాగా కిందుగా గుద్దుకుంటే మెడ లేచిపోయిందని అర్థం, ఆ రిపేరు ఖర్చుకు మరో గిటారు వస్తుంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగల ఎత్తు కొలవండి. లావు తీగ కింద రెండున్నర మిల్లీమీటర్లు, సన్న తీగ కింద రెండు ఉంటే హాయి.

ఒకే పలకో కాదో కూడా మీరే తేల్చుకోవచ్చు. సౌండ్ హోల్ అంచును లైటు వేసి చూడండి. పైన కనిపించే చెక్క గీతలు అంచు మందంలోకి నేరుగా దిగితే ఒకే పలక. పొరలు పొరలుగా కనిపిస్తే ప్లై. రాతి పొరలు చూసే కంటికి ఇది ఎంత పని.

చివరగా, బ్రిడ్జి చుట్టూ ఒక సన్న కాగితం దూర్చి చూడండి. అంచున ఒక మిల్లీమీటరు వెళ్తే పట్టించుకోవద్దు, అక్కడ పాలిష్ గీకకుండా అతికిస్తారు. అంతకన్నా లోపలికి వెళ్లకూడదు.


నాపరాయి (తాడిపత్రి), బుధవారం రాత్రి

అందరికీ కృతజ్ఞతలు. ఈ రోజు సగం రోజు సెలవు పెట్టి మళ్లీ వెళ్లాను. సంచిలో స్టీలు స్కేలు, మెషిన్ షాపు నుంచి అరువు తెచ్చిన ఫీలర్ గేజి (సన్న సందులు కొలిచే రేకులు), బస్సు టికెట్టు. ఆ టికెట్టు ఎందుకో చివర్లో చెబుతాను.

ముందు తల. గీత పొడవు 62 మిల్లీమీటర్లు. రెండు పక్కల నుంచీ చూశాను, ఏటవాలే. గోరు ఎక్కడా ఆగలేదు. రిపేరు చేసినతను పంపిన ఫొటోలు ఉన్నాయా అని అడిగితే దుకాణదారుడు ఫోను తీసి చూపించాడు. విరిగిన రెండు ముఖాలు, లేత రంగు నారలు బొచ్చులా లేచి, ఎక్కడా పాత జిగురు మెరుపు లేదు. తర్వాతి ఫొటోలో మూడు బిగింపులు, అంచు వెంట పొంగి వచ్చిన జిగురు. మేమూ రెసిన్ అంచున పొంగితేనే లోపల నిండిందని నమ్ముతాం. అది చూశాక తల మీద నా అనుమానం తీరింది. ట్రస్ రాడ్ గుంట కూడా సౌండ్ హోల్ లోపలే ఉంది.

సౌండ్ హోల్ అంచులో గీతలు నేరుగా దిగాయి. ఒకే పలక. దుకాణదారుడు చెప్పింది నిజం. నేను మెచ్చుకోలుగా తల ఊపితే, మీరు గిటారు కొంటున్నారా, పొలం కొంటున్నారా అన్నాడు.

పూర్తి శ్రుతి చేయించి, కడపమ్మ చెప్పినట్టే బయటికి వెళ్లి రెండు దోసెలు తిని వచ్చాను. అన్ని తీగలూ ఉన్నచోటే ఉన్నాయి, సన్న తీగ మాత్రం కొద్దిగా దిగింది.

ఎత్తు దగ్గర ఆగాను. లావు తీగ కింద 3.2, సన్న తీగ కింద 2.7. స్కేలు కొస బ్రిడ్జి పై అంచుకు వెంట్రుకవాసి కిందుగా తగిలింది. సరే, కాగితం బదులు బస్సు టికెట్టు తీశాను. బ్రిడ్జి ముందు అంచున దూరలేదు. వెనక అంచున, సన్న తీగల వైపు, సాఫీగా లోపలికి వెళ్లిపోయింది. గుర్తు పెట్టి లాగి కొలిస్తే నాలుగు మిల్లీమీటర్లు. దుకాణదారుడు తనే ఇంకోసారి దూర్చి చూసి, నిజంగా తెలియదన్నాడు. ముఖం చూస్తే నమ్మబుద్ధేసింది. ఆ గిటారు వేలాడేది పడమటి అద్దం పక్కన. సాయంత్రం ఎండ నేరుగా దాని పొట్ట మీద పడుతోంది, నేను నిల్చుని చూశాను.

నాలుగు రోజులుగా తల గురించి నిద్ర పోగొట్టుకున్నాను, తీరా చూస్తే పొట్టలో ఉంది జబ్బు. ఇప్పుడేం చేయమంటారు? ధర 8,500కు దిగాడు. సందులో కాస్త జిగురు చుక్కలు వేసి ఇస్తానంటున్నాడు.


రంపం పొట్టు (కర్నూలు), బుధవారం రాత్రి

చుక్కలు వేయనివ్వవద్దు! నేను చెప్పిన మొదటి తల కథ ఇక్కడ మళ్లీ మొదలవుతుంది. సందులో పోసిన జిగురు అంచు వరకే పట్టుకుంటుంది, లోపల ఖాళీ అలాగే ఉంటుంది, రేపు పద్ధతిగా చేసేవాడికి పని రెట్టింపు.

బ్రిడ్జిని వేడిచేసి పూర్తిగా ఊడదీయాలి. రెండు వైపులా పాత జిగురు గీకి, చెక్క బయటపడ్డాక చెక్కకు చెక్కను కొత్త జిగురుతో అతికించాలి. బిగించి ఒక రోజంతా వదిలేయాలి, ఆ తర్వాతే తీగలు. తల అతికించినతను ఫొటోలో కనిపించినంత శుభ్రంగా చేసేవాడైతే అతనికే పంపమనండి. తీగల ఎత్తు 3.2 ఉండటానికి కూడా చాలావరకు ఇదే కారణం. బ్రిడ్జి వెనక లేస్తే తీగలూ లేస్తాయి. సరిగ్గా కూర్చోబెట్టాక కొలిచి, ఇంకా ఎక్కువుంటే తీగల కింద ఉండే తెల్ల పట్టీని, శాడిల్‌ను, అడుగున కొంచెం అరగదీస్తే సరిపోతుంది. అరగదీయడం మీకు నేను నేర్పాలా.

8,500కు ఇలాగే అయితే తీసుకోవద్దు. బ్రిడ్జి వాళ్ల ఖర్చుతో చేయించి ఇస్తే 8,500 న్యాయమే.


డీ మైనర్ (అనంతపురం), గురువారం ఉదయం

నేను అన్నది ఎండ గురించే కదా. సరే, ఒప్పుకుంటున్నాను, 62 మిల్లీమీటర్ల అతుకు ఫొటోతో సహా దొరకడం అరుదు. కానీ కొంటే ఇంట్లో కూలర్ ఎదురుగా మాత్రం పెట్టకండి సార్. కూలర్ తిరుగుతున్నంతసేపు గది తడి, కరెంటు పోతే ఎడారి. చెక్కకు ఆ ఊగులాట పడదు. గిటారుకు 45 నుంచి 55 శాతం తేమ ఉంటే సుఖం. తేమ చూపించే చిన్న మీటరు కొన్ని వందల్లో వస్తుంది, ఒకటి పెట్టెలో పడేయండి.


నాపరాయి (తాడిపత్రి), పందొమ్మిది రోజుల తర్వాత

ఆలస్యానికి మన్నించండి. కొనేశాను.

ఆ గురువారమే వెళ్లి 500 అడ్వాన్సు ఇచ్చి, బ్రిడ్జి ఊడదీసి అతికించిన ఫొటోలు చూపిస్తేనే మిగతాది అని చెప్పి వచ్చాను. అతను విసుక్కున్నాడు కానీ పంపించాడు. రెండు వారాలు పట్టింది. మొన్న ఫొటోలు వచ్చాయి, నిన్న వెళ్లాను. అదే బస్సు టికెట్టు చుట్టూ తిప్పాను, ఎక్కడా దూరలేదు. లావు తీగ కింద 2.6. శాడిల్ నేను ముట్టుకోలేదు. 8,500 అన్నది 8,200 చేసి, పలుచటి సంచి ఒకటి ఊరికే ఇచ్చాడు.

మా ఆవిడ గిటారును వెనక్కి తిప్పి, గీత ఎక్కడ అని అడిగింది. చూపించాను. ఒక్క నిమిషం చూసి, బీరువా పక్కన గోడకు మేకు కొట్టమంది. మంచం కింద కాదు. ఆ గోడకు ఎండ రాదు, కూలర్ ఎదురుగా లేదు. అమ్మాయి ఈ మైనర్ పట్టేసింది. నేను రాత్రి ఎఫ్ పట్టి చూశాను, ఆరింటిలో నాలుగు తీగలు పలికాయి.

తేమ మీటరు పెట్టాను. నిన్న మధ్యాహ్నం మూడింటికి 24 చూపించింది. తడి స్పాంజిని సబ్బుపెట్టెలో పెట్టి, పెట్టెకు రంధ్రాలు చేసి సంచిలో ఉంచమని ఎవరో చెప్పారు. అలా చేయవచ్చా? గోడకు వేలాడదీస్తే లాభం లేదు కదా, సంచిలోనే ఉంచాలా?


మూడో వరుస ఆల్టో (కడప), అదే రాత్రి

శుభాకాంక్షలు అన్నగారూ, నాలుగు తీగలు పలికితే ఎఫ్ సగం దాటినట్టే. వేసవి అయ్యేవరకు సంచిలోనే ఉంచండి, వాయించేటప్పుడే తీయండి. మేకు జూలైలో పనికొస్తుంది. స్పాంజి గట్టిగా పిండి పెట్టండి, నీటి చుక్క చెక్క మీద పడకూడదు. సబ్బుపెట్టె మాత్రం కొత్తది కొనండి. నేను వాడిన పెట్టె పెట్టాను. రెండేళ్లయింది, ఇప్పటికీ ఆరాధనలో గిటారు తీస్తే ముందు వరుసకు గంధం సబ్బు వాసన వస్తుంది.